నడుము కింది పాయ

వరహాలమ్మ గారు నేల మీదికి దిగే తీరు చూశాకే ఉత్పలకి ఆ నృత్యం తట్టింది. డెబ్భై దాటిన మనిషి నిలబడ్డ చోటి నుంచి నేలను చేరాలంటే మధ్యలో ఎన్ని మజిలీలుంటాయో ఆవిడ ఒంట్లో కనిపించేది. ముందు కుడిచెయ్యి తొడ మీదికి వచ్చేది. ఎడమ మోకాలు కాసేపు ఆలోచించుకునేది. నడుము ఒక పక్కకి ఒరిగేది. బరువంతా అరచేతిలోకి దించుకున్నాక గాని ఒళ్ళు నేలని నమ్మేది కాదు. భీమిలి ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యేదాకా డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి కాబట్టి, ఆ తడబాటులోనూ ఒక పొందిక ఉండేది.

"ఇంకోసారి చెయ్యండి మేడమ్, ఇంకొంచెం నిదానంగా," అనేది ఉత్పల.

"ఇంతకన్నా నిదానమంటే ఇంక నిద్దరోవడమే అమ్మాయ్," అనేది వరహాలమ్మ. అంటూనే చేసేది.

విశాఖపట్నం చినవాల్తేరులో ఒక పాత కల్యాణమండపం మేడమీది హాలు అద్దెకి తీసుకుని ఉత్పల ఆ క్లాసు నడిపేది. అరవై దాటినవాళ్ళకి మాత్రమే ప్రవేశం. అక్కడ ముద్రలు లేవు, జతులు లేవు, గోడకి అద్దం కూడా లేదు. "పొద్దున్నే మంచం మీంచి ఎలా లేస్తారో అలాగే లేవండి. కాకపోతే మీరు లేవడం ఎవరో మొదటిసారి చూస్తున్నారనుకోండి," అని చెప్పేది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన సన్యాసిరావు చేతులు గాలిలో ఇంకా మీటల్ని వెతుక్కుంటుంటే, అందులోంచి ఒక కదలిక తీసేది. మొదట్లో నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు నాలుగేళ్ళు గడిచేసరికి ఒక్క క్లాసు కూడా మానని స్థితికి వచ్చారు.

ఉత్పల వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో ఒక సమకాలీన నృత్య బృందంలో ఆడింది. మడమ దెబ్బతిన్నాక, ముప్ఫయ్యయిదు దాటాక, అక్కడివాళ్ళు ఫోను చెయ్యడం మానేశారు. ముసలాళ్ళకి డాన్సేమిటని ఎవరన్నా అంటే ఆమెకి ఒళ్ళు మండేది. ఎప్పటికైనా ఆ బెంగుళూరు వాళ్ళ చేతే చప్పట్లు కొట్టించాలన్న పంతం ఆమె లోపల ఉండేది. అది పైకి చెప్పుకునే సంగతి కాదు గనక, చెప్పుకోలేదు.

ఆమె భర్త చంద్రమౌళి ఋషికొండ దగ్గర ఒక పరిశోధనాలయంలో పనిచేసేవాడు. పక్షవాతం వచ్చిన రోగికి ఎక్కడ లాగుతోందో నోటితో చెప్పడం చేతకాదు. ఆ లాగుడేదో చికిత్స చేసేవాళ్ళ ఒంటికే నేరుగా తెలిస్తే? ఆ ఆలోచనతో వాళ్ళ బృందం ఒక తొడుగు తయారుచేసింది. సన్నటి తీగలు నేసిన బనియనూ, మోకాళ్ళ దాకా వచ్చే లాగూ. అది తొడుక్కున్న మనిషి ఒంట్లో ఏది బిగిసినా, ఏది వణికినా, మెడ వెనక చిన్న బిళ్ళ అంటించుకున్న అవతలి మనిషికి అదే చోట అదే తెలుస్తుంది. బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు. ఒంట్లో ఏ భాగపు పాయ అవతలికి వెళ్ళాలో చంద్రమౌళి తన బోర్డు మీది మీటలతో తెరిచేవాడు, మూసేవాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మీద పరీక్షించాలని అతను అడిగితే, ఉత్పల తన క్లాసునే చూపించింది.

"కరెంటు బనియనేటి బాబూ ఇది? తడిసిపోతే షాకు కొట్టదు గదా?" అన్నాడు సన్యాసిరావు. అందరూ నవ్వారు. ఆ తొడుగుకి ఆ పేరే నిలిచిపోయింది.

మొదటిరోజు వరహాలమ్మ బనియను తొడుక్కుంది. ఉత్పల బిళ్ళ అంటించుకుని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. "నేలకి దిగండి మేడమ్," అంది, ఎప్పట్లాగే.

వరహాలమ్మ మోకాలు వంచింది. ఉత్పల మోకాలి చిప్ప కింద ఇసుక పోసి నూరినట్టయింది. తొడ కండరం ఉన్నట్టుండి జావగారి, ఇప్పుడు పడిపోతానన్న భయం కడుపులోంచి గొంతు దాకా ఒక్క ఊపున వచ్చింది. ఎదుట ఆవిడ మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. నేల ఎంతకీ రాదు. అరచెయ్యి గచ్చుకి ఆనేసరికి మణికట్టు విరిగినంత పనైంది.

"చాలు, చాలు, ఆపండి!" అని ఉత్పల అరిచింది. ఇంకా నిదానంగా అన్న ప్రతిసారీ ఈ మోకాలి మీద ఈ బరువుని ఇంకాస్త సేపు నిలబెట్టమని అడిగినట్టే కదా. నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకేడుపు పిల్లా? నాకిది రోజూ ఉన్నదే," అంది వరహాలమ్మ, కింద కూర్చుని చీర సర్దుకుంటూ. "నీకివాళ కొత్త, అంతే."

ఆ సిగ్గులోంచే ఉత్పలకి ఆలోచన వచ్చింది. చూసే జనం కూడా బిళ్ళలు పెట్టుకుంటే? ముసలి ఒళ్ళు నేలకి దిగి మళ్ళీ లేవడం అనే ఒకే ఒక్క పనిని హాలంతా తమ ఒంట్లోనే చేస్తే? ఇంక ఎవడు నవ్వుతాడు? వరహాలమ్మకి చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అంటే ఆ కుర్రకుంకలందరికీ మోకాళ్ళ నెప్పులు తెలుస్తాయన్నమాట. నేను రెడీ," అంది.

సాధన మొదలయ్యాక ఒకరోజు, చీరలు మార్చుకునే గదిలో, ఆవిడ ఉత్పలని చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"మీ ఆయన దగ్గర ఆ బోర్డు మీద ఒళ్ళంతా పాయలు పాయలుగా విడదీసి ఉంటాది కదా. ఒకోదానికీ ఒకో మీట."

"అవును మేడమ్."

"నడుము కింది పాయ మూసీమను."

"ఎందుకని?"

వరహాలమ్మ తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. "నాకు ఒంటేలు ఆగదమ్మా. రెండో కాన్పు నుంచీ ఉంది, ఇప్పుడు ముదిరింది. లోపల గుడ్డ పెట్టుకునే వస్తాను. అన్నేళ్ళు బడి మైదానంలో పరిగెత్తేను, గెంతేను, ఒక్క పిల్లకి తెలీనివ్వలేదు. పోయిన మనిషి, మా ఆయనకీ తెలీదు. నీకు చెప్పేను, ఎందుకంటే చెప్పకపోతే బయటపడిపోతాది. మోకాలు తెలియనీ, నడుం తెలియనీ, ఇదొక్కటీ వద్దు."

ఉత్పల ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నేను చూసుకుంటాను మేడమ్. మీరు ఆ సంగతి మర్చిపోండి," అంది. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది. ఆ రోజే చంద్రమౌళితో ఫలానా పాయ మూసెయ్యమని చెప్పింది. కారణం చెప్పలేదు, అతను అడగలేదు.

చిక్కు అక్కడే మొదలైంది. ఆమె నేర్చిన నృత్యంలో ఏ కదలికైనా పొత్తికడుపు కింది నుంచి పుడుతుంది. కాళ్ళూ చేతులూ ఆ తర్వాత కదులుతాయి. ఆ పాయ మూసేసరికి మోకాలు తెలుస్తోంది, అరచెయ్యి తెలుస్తోంది, మధ్యలో మనిషి లేదు. బిళ్ళ పెట్టుకుని సాధన చూసిన ఇద్దరు ముగ్గురు మిత్రులు "బాగుంది" అన్నారు. ఆ బాగుందిలో ప్రాణం లేదని ఉత్పలకి తెలిసిపోయింది. వంటచేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ బోలుతనమే గుర్తొచ్చేది. సమయం చూసి ఆవిడనే మళ్ళీ అడగొచ్చు. అడిగితే వద్దంటుంది. అందుకనే అడగలేదు.

ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం, బీచి రోడ్డులోని ఒక చిన్న థియేటర్లో. హాలు నిండింది. బెంగుళూరు నుంచి ఒక నాట్యోత్సవం నిర్వాహకురాలు ప్రత్యేకంగా వచ్చి ముందు వరసలో కూర్చుంది. గుమ్మం దగ్గర కుర్రవాళ్ళు ఒక్కొక్కరికీ మెడ వెనక బిళ్ళ అంటిస్తున్నారు.

ఉత్పల వెనకగా బోర్డు దగ్గరికి వెళ్ళి, "నడుము కింది పాయ తెరువు," అంది.

చంద్రమౌళి తలెత్తాడు. "మూసి ఉంచమన్నావుగా?"

"మాట్లాడాను. సరేనంది."

"ఆవిడే అందా?"

"అందని చెప్తున్నానుగా."

అతను ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి మీట పైకి జరిపాడు. భార్య మాట మీద అనుమానపడే అలవాటు అతనికి లేదు.

ఈ మధ్య సాధనల్లో ఆవిడకి ఇబ్బందేమీ రాలేదుగా అని ఉత్పల తనకి తాను చెప్పుకుంది. కాసేపటి పనేగా, జరగకపోతే ఎవరికీ తెలియదుగా అని కూడా చెప్పుకుంది. తన మెడ వెనక కూడా ఒక బిళ్ళ అంటించుకుని పక్క గోడకి ఆనుకుని నిలబడింది.

దీపాలు వెలిగాయి. వరహాలమ్మ వేదిక మధ్యలో నిలబడి ఊపిరి తీసుకుంది. హాలంతా ఊపిరి తీసుకుంది. ఆవిడ దిగడం మొదలుపెట్టింది. ఈసారి ఉత్పలకి మొత్తం మనిషి తెలిసింది. పొత్తికడుపు అడుగున బరువు చెరువులో నీరులా మెల్లగా ఒరగడం, తుంటి ఎముక మీద అది నిలవడం, అక్కడి నుంచి వెన్నులోకి పాకడం. జనంలో ఎవరో "అమ్మా" అన్నారు. ముందు వరసలో నిర్వాహకురాలు కళ్ళు మూసుకుంది. తను ఇన్నాళ్ళూ కలగన్నది ఇదే, ఇదేనని ఉత్పల గుండె ఎగిరింది.

నేలకి జానెడు ఎత్తులో వరహాలమ్మ ఆగింది. ఒంటిచేతి మీద బరువు మోస్తూ ఆగవలసిన చోటే అది. అప్పుడు ఉత్పల కడుపు కింద ఏదో జారింది. వెంటనే గట్టి బిగింపు, ప్రాణం ఉగ్గబట్టుకున్నంత బిగింపు. అది చాల్లేదు. వెచ్చగా, ఆగకుండా వచ్చేసింది. చెవుల దాకా మొహం మండిపోయింది. భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. ఉత్పల బట్టలు పొడిగానే ఉన్నాయి. అయినా ఆమె చెయ్యి దానంతటదే చీర కుచ్చెళ్ళ మీదికి వెళ్ళింది.

హాలంతా ఒక్కసారి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఆడా మగా తేడా లేకుండా అందరూ కాళ్ళు బిగించి, తల వంచి, ముడుచుకుపోయారు. వెనక వరసలో ఒక కుర్రాడు లేచి బయటికి పరిగెత్తాడు. ఎవరో భయంతోనో దేనితోనో చిన్నగా నవ్వారు.

వరహాలమ్మ తలెత్తి జనాన్ని చూసింది. తన కాళ్ళు ఎలా బిగుసుకున్నాయో అన్ని జతల కాళ్ళూ అలాగే బిగుసుకుని ఉన్నాయి. ఆవిడకి అర్థమైంది.

పారిపోదామన్నా ముసలి ఒళ్ళు పారిపోలేదు. అదే ఉత్పలని ఆ తర్వాత ఎన్నాళ్ళో నిద్రపోనివ్వలేదు. లేవాలంటే ఆవిడ మళ్ళీ అన్ని మజిలీలూ దాటాలి. చెయ్యి ఆనించాలి, మోకాలు మడవాలి, తుంటి ఎత్తాలి. చంద్రమౌళి గబగబా మీటలన్నీ కిందికి లాగేశాడు. హాలు ఒక్కసారి వదులై నిట్టూర్చింది. వేదిక మీద ఆవిడ మాత్రం ఒంటరిగా, అందరూ చూస్తుండగా, లేస్తూనే ఉంది. తెర పక్కన తన వంతు కోసం నిలబడ్డ సన్యాసిరావు వెళ్ళి చెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకోలేదు. తనే లేచి, తడిసిన చీర చేత్తో పక్కకి పట్టుకుని, నడిచి వెళ్ళిపోయింది.

అప్పుడు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అదంతా నృత్యంలో భాగమే అనుకున్నారు.

నిర్వాహకురాలు ఉత్పల చేతులు పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంత నిజాయితీ నేను వేదిక మీద ఎప్పుడూ చూడలేదు. ఎంత ధైర్యం ఆవిడది! దీనికి ఒప్పించడానికి మీకు చాలా కాలం పట్టి ఉంటుంది."

నిజం చెప్పడానికి అదే సమయం. ఉత్పల నోరు తెరిచింది. "అవునండీ, చాలా కాలం పట్టింది," అంది.

లోపలికి వెళ్ళేసరికి వరహాలమ్మ లేదు. బనియను, లాగూ ఉతికి పిండి కుర్చీ వీపు మీద ఆరేసి ఉన్నాయి.

ఇంటి ముందు కారు ఆపాక చంద్రమౌళి తాళం తియ్యకుండా అడిగాడు. "ఆవిడని అడగలేదు కదూ?"

"లేదు."

"వద్దందా, లేక అసలు అడగనే లేదా?"

"ముందే వద్దంది. ఎందుకో కూడా చెప్పింది."

అతను స్టీరింగు మీద ఉన్న తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. "నువ్వే తెరిచి ఉంటే వేరు. నా చేత తెరిపించావు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఉత్పలకి అనిపించింది.

వరహాలమ్మ ఫోను ఎత్తలేదు. నాలుగు రోజులాగి ఉత్పల ఒక సంచిలో బనియనూ బిళ్ళా పెట్టుకుని భీమిలి వెళ్ళింది. పొద్దున పది దాటింది. ఆవిడ వీధి తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, పక్కకి తప్పుకుంది. ఉత్పల లోపలికి వెళ్ళి నిలబడింది.

"నేనే తెరిపించాను మేడమ్. మా ఆయనకి మీరు సరేనన్నారని అబద్ధం చెప్పాను."

"నాకు తెలుసు. మీ ఆయన మొన్నే వచ్చి కాళ్ళ మీద పడినంత పని చేసేడు. ఆయన తప్పేటుంది." వరహాలమ్మ కుర్చీలో కూర్చుంది. "నేను పొద్దున్నే బీచికి నడవడానికి పోవడం మానీసేను. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఇద్దరు మా వీధివాళ్ళే. కనిపిస్తే చాలు, ఎంత ధైర్యమండీ మీకు అంటారు. అన్నప్పుడు వాళ్ళ చూపు నా మొహం మీద ఉండదు పిల్లా. కిందికి పోతాది."

ఉత్పల సంచిలోంచి బనియను తీసింది. "నేనిది తొడుక్కుంటాను. మీరు బిళ్ళ పెట్టుకోండి. అన్ని పాయలూ తెరిచే ఉంటాయి. నాకెలా ఉందో... ఎంత సిగ్గుగా ఉందో... నోటితో చెప్తే మీరు నమ్మరు. మీకు తెలియాలి."

వరహాలమ్మ ఆ బనియను వంక చూసింది. తర్వాత ఉత్పల వంక చూసింది. ఆ చూపులో మొదటిసారి కోపం కనిపించింది.

"నాకెందుకు తెలియాలి? నాది నన్నడక్కుండా ఊరందరికీ పంచీసేవు. ఇప్పుడు నీ సిగ్గు కూడా నేనే మొయ్యాలేటి? నాకది వద్దు. అది నీది. నువ్వే ఉంచుకో."

ఉత్పల బనియను మడతపెట్టబోతే మడత కుదరలేదు.

"క్లాసులో వాళ్ళకి చెప్పేవా?" అంది వరహాలమ్మ.

"లేదు."

"వాళ్ళూ అవే తొడుగులు తొడుక్కున్నారు కదా. ముందు అక్కడికి పో."

మర్నాడు క్లాసులో ఉత్పల నిలబడి చెప్పింది. ఆవిడ వద్దన్న సంగతీ, తను మాటిచ్చిన సంగతీ, భర్తకీ ఆ నిర్వాహకురాలికీ చెప్పిన అబద్ధాలూ అన్నీ చెప్పింది. సన్యాసిరావు తన అరచేతుల్లోకి చూసుకుంటూ అడిగాడు.

"మా ఒంట్లోంచి ఏటేటి తీసుకున్నావమ్మా?"

"ఇంకెవరి దగ్గరా అడక్కుండా ఏమీ తీసుకోలేదు."

"ఎలగ నమ్మడం?"

ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని మెట్లు దిగారు. సన్యాసిరావు ఆఖరున వెళ్ళాడు. తలుపు మాత్రం చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

బెంగుళూరు నాట్యోత్సవం నుంచి ఆహ్వానం వచ్చింది. ఉత్పల జరిగింది జరిగినట్టు రాసి, వద్దంది. జవాబు రాలేదు. పరిశోధనాలయంలో చంద్రమౌళి బోర్డు తీసేసి, మీటలన్నీ తొడుక్కున్న మనిషి ముంజేతి మీదికే మార్చాడు. ఎవరి పాయ వాళ్ళ వేలితోనే తెరుచుకోవాలి, వాళ్ళ వేలితోనే మూసుకోవాలి. ఆ మార్పు తర్వాతే దాన్ని ఆస్పత్రులకి ఇచ్చారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆమె పేపర్లో చదివి తెలుసుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ, కూర బాగుందనీ వాన వచ్చేలా ఉందనీ మాట్లాడుకుంటూ, ఆ ఒక్క ఆదివారం చుట్టూ ఇద్దరూ తప్పుకుని నడిచేవారు.

ఆమె హాలు వదల్లేదు. క్లాసు వేళకి వెళ్ళి తలుపులు తీసి, తుడిచి, ఒంటరిగా కూర్చునేది. కొన్ని వారాలకి బ్యాంకులో చేసి రిటైరైన ఒకావిడ వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు. ఎండలు ముదిరాక సన్యాసిరావు వచ్చాడు. వాళ్ళు మునుపటిలా నవ్వేవారు కాదు. ఉత్పల కూడా గొంతెత్తేది కాదు. కళ్ళు నేల మీదే పెట్టుకుని చెప్పేది.

వానలు మొదలైన వారం, క్లాసు మధ్యలో, గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. వరహాలమ్మ. సన్యాసిరావు కుర్చీ తెచ్చి తలుపు పక్కన వేశాడు. ఆవిడ కూర్చుని, "నేను డాన్సు చెయ్యడానికి రాలేదు. చూడ్డానికొచ్చేను. కానీండి," అంది.

అందరూ ఉత్పల చెప్పేదాని కోసం నిలబడి ఉన్నారు. ఆమె గచ్చు మీద పగులునే చూస్తోంది.

"అమ్మాయ్," అంది వరహాలమ్మ, మైదానం చివరికి వినపడేంత గట్టిగా. "పాఠం చెప్పేటప్పుడు తలొంచుకోకూడదు. తలెత్తు."

ఉత్పల తలెత్తింది. చెవుల దాకా మొహం మండిపోయింది. ఎవరి మెడ వెనకా ఏ బిళ్ళా లేదు. ఆ మంట ఆమెదే, ఇంకెవరికీ అంటలేదు.

"ఇవాళ నేలకి దిగడం చేద్దామనుకున్నాను," అంది నెమ్మదిగా. "ఎక్కడిదాకా దిగుదాం? మీరే చెప్పండి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉత్పల తల దించకుండా, వాళ్ళు చెప్పేదాకా ఆగింది.